తప్పు: రెండు బళ్ళ రాగులు

బెంగుళూరు మెట్రో ఆఖరి స్టేషన్లో దిగి
ఆటోకి నలభై ఇస్తే కోట.
కోటంటే పిల్లలు నవ్వుతారు,
మా అపార్ట్‌మెంటు గోడే దీనికన్నా ఎత్తంటారు.
నిజమే, అరిగిపోయింది.
మట్టిలో రాగిగడ్డి కలిపి తొక్కి పెట్టిన గోడ.
ముసురు పట్టిన ఏడు దాని ఒంటికి పచ్చగా నూగు లేస్తుంది.
రాగి మొలకేనంటుంది మాయమ్మ.
ఇలాఖా వాళ్ళు కలుపని పీకి పోతారు.

టికెట్ పది రూపాయలు. రెండు గదులు.
మొదటిదాంట్లో ఒడిసెల రాళ్ళు నూట పదకొండు,
రోజూ లెక్కపెట్టి సంతకం చేస్తాను.
పిడి లేని కత్తి. కత్తి లేని ఒర.

ఇది పొలిమేర కోట.
తూర్పున ఒక పాళెగాడు, పడమట ఇంకొకడు.
వాకిలి పూడ్చి, వేరే దిక్కున తెరిచి, మళ్ళీ పూడ్చి...
గోడలో అతుకులు చూపిస్తాను.
కోట ఎక్కడికీ పోలేదు,
పొలిమేరే పక్కలు మార్చింది
నిద్రపట్టని మనిషిలా.

రెండో గదిలో ఒకటే బండ.
ముప్పై ఏళ్ళు మాయమ్మ నారెమ్మ
దాని మీదే దుప్పట్లు ఉతికింది.
జేసీబీ తిరగేస్తే అడుగున అక్షరాలు.
"అయ్యో, చదువు నెత్తిన బాదితినే ఇన్నాళ్ళు!"
చెంపలేసుకుంది.

మైసూరు నుంచి వచ్చినాయన కన్నడమన్నాడు,
తిరుపతి నుంచి వచ్చినాయన తెలుగన్నాడు.
గొంతులు లేచాయి. టీ నేనే పోశాను,
ఇద్దరికీ ఒకే కెటిల్లోంచి.
అప్పటికింకా ఆ రెండు లిపులూ
వేరు కాపురం పెట్టలేదట.
ఇప్పుడు బండకి చెరోపక్కా ఒక బోర్డు.

రాజు పేరున్న చోట పెచ్చు లేచిపోయింది.
యుద్ధం ఊసే లేదు.
మిగిలింది మూడు వరుసలు:
ఈశాన్యపు బురుజు కావలి చిక్కడు
జాముపొద్దున నిద్రపోయినాడు గనక
తప్పు రెండు బళ్ళ రాగులు.

పేరు చిక్కడు. చిక్కాడు.

మధ్యాహ్నం రెండు దాటితే ఎవరూ రారు.
కుర్చీలో నాకూ రెప్పలు వాలతాయి.
పదకొండు నెలల కాంట్రాక్టు నాది,
మూలన కెమెరా, దాని ఎర్రచుక్క.
ఉలిక్కిపడి లేచి, తడిగుడ్డ తీసుకుని
ఆ ఒక్క పేరూ తుడుస్తాను.

ఎవడి పొలిమేరో తెలియని చీకట్లోకి
రాత్రంతా కళ్ళు చించుకుని చూసినవాడి రాగులు
ఎవరింట్లో సంకటయ్యాయో
రెండు బోర్డుల్లోనూ లేదు.

ఈ వానలకి ఇలాఖా వాళ్ళొస్తే
గేటు తాళంచెవి కనబళ్ళేదని చెబుతాను.