ఇరవై ఒకటికి ఇరవై

ఏడు తుపాకులు, మూడు విడతలు.
లంకలో ఇరవయ్యే పేలాయి.
నాలుగో నంబరుది మొదటి విడతలో
టిక్కుమని ఊరుకుంది.
రెండోసారి పేలింది, మూడోసారీ పేలింది.
డీఎస్పీ గారి చెవిలో మాత్రం
ఆ పేలనిదే ఇంకా మోగుతోంది.

మధ్యాహ్నం మూడింటికి నా బల్ల మీదకి తెచ్చారు,
గోనెపట్టాలో చుట్టి, పంటు దాటించి, జీపులో.
పేలని తూటా అగ్గిపెట్టెలో.
"ఆ పిల్ల చెయ్యి వణికుంటుంది" అన్నాడు ఆరెస్సై.
ఆ పిల్ల, గుబ్బల పల్లాలమ్మ, పీసీ,
గుమ్మం దగ్గర కొయ్యబారి నిలబడి ఉంది.
చెయ్యి వణికితే గురి తప్పుతుంది గాని
లోపలి సూది ఆగదు సార్, అన్నాను.

ఈ త్రీనాట్‌త్రీ నాకంటే పెద్దది.
ఇషాపూర్ ముద్ర, నలభై రెండో సంవత్సరం.
పోయినాయన, సరెళ్ల ఆశీర్వాదం గారు,
ఆ ఏడే బర్మా అడవిలో
దీని తోబుట్టువు నొకదాన్ని మోశాడట.

ముందు తూటా చూశాను.
ఇత్తడి అడుగున క్యాపు మీద
సూది గుర్తు ఉంది, లోతు లేదు,
పసిపిల్ల వెన్నముద్దకి గోరు ఆనించినట్టు.
అంటే సూది వచ్చింది. మనసు పెట్టి రాలేదు.

స్ప్రింగు కొలిచాను, పొడవు తగ్గలేదు.
సూది మొన అరగలేదు. బోల్టు తల బిగువుగానే ఉంది.
గొట్టంలోకి లైటు వేస్తే
ఉప్పుగాలి కొరికిన రెండు మచ్చలు;
అవి నాకు పాత చుట్టాలే.
ఉత్త క్యాపు పెట్టి కొట్టాను: ఠప్.
పది కొట్టాను. పదికి పది.

"లోపం లేదు" అని రాసిచ్చేస్తే
లోపం పల్లాలమ్మదైపోతుంది.
పొద్దున వచ్చిన జబ్బుకి
సాయంత్రం నాడి చూస్తున్నానేమో.

పోటు రాకముందే పంటు దాటాలని
ఆరింటికే సమాధి కార్యక్రమం పెట్టారట.
మంచుకి అవతలి గట్టు కనబడలేదట.
సరే. రాత్రికి తుపాకీని కోత్‌లో పెట్టకుండా
వరండాలో గొలుసేసి ఉంచాను.
పక్కన కుర్చీ, నేను, మఫ్లరు, దోమలు.
ఐదున్నరకి కొట్టాను.

టిక్.

ఆ ఏమీ కాని చప్పుడికి
కుర్రాడిలా లేచి నిలబడ్డాను.

బోల్టు విప్పి సూదిని లాగితే
స్ప్రింగు చుట్ల మధ్య తెల్లగా, పేరిన నెయ్యిలా, ఏదో.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
మా ఇంట్లో దువ్వెన వాసన.

తుపాకీ నూనెకి ఇండెంటు పెట్టి ఎనిమిది నెలలు.
"డబ్బా అడుగంటింది సార్, తుప్పు పడితే మెమో ఇస్తారు,
మా మావయ్య గానుగలో ఆడించింది సార్, కల్తీ లేదు..."
కల్తీ లేకపోబట్టే పేరుకుంది తల్లీ.
మార్గశిరంలో సీసా కదలకపోతే
ఇంట్లో అయితే పొయ్యి పక్కన పెడతాం.

కిరసనాయిలుతో కడిగాను, చిందిగుడ్డతో తుడిచాను,
నా సొంత సీసాలోంచి మూడు చుక్కలు.
రిపోర్టులో "చలి" అని రాసి కొట్టేశాను.
"నూనె సరఫరా లేదు" అని రాశాను.
దాని కింద ఎర్రసిరా గీత ఎంత పొడుగొస్తుందో తెలుసు.

జెండా అందినట్టు సంతకం పెట్టడానికి
ఆశీర్వాదం గారి పెద్దకూతురు వచ్చింది.
జరిగినదానికి క్షమించమన్నాను.
"ఏది బాబూ? మొదటి చప్పుడుకే చెవులు మూసుకున్నాను."
ఒకటి పేలలేదని చెప్పాను.
ఆమె కాసేపు అగ్గిపెట్టె వైపు చూసింది.
"పోన్లెండి, ఆయనకి చప్పుడు పడేది కాదు.
దీపావళి రాత్రి ఒక్కడే నావ వేసుకుని
ఏటి నడిమికి పోయి పడుకునేవాడు."

రిజిస్టరు తెరిచాను.
తీసుకున్నవి ఇరవై ఒకటి.
కాల్చినవి ఇరవై.
వాపసు ఒకటి.