పదహారున్నర చుట్లు

"ఎడమకి లాగుతోంది," అంది కార్మెలా
తాళాలు బల్ల మీద పడేసి.
ఎప్పట్నుంచి అని అడిగితే
వేళ్ల మీద లెక్క మొదలుపెట్టి
వేళ్లు చాలక ఊరుకుంది.

మిల్‌డ్యూరాలో మేం నడిచేది ఎడమ పక్కన,
రోడ్డు వాలేదీ అటే,
పడితే గిడితే వాన నీళ్లు పక్కకి పోవాలని.
అందుకని కారుని వెంటనే అనుమానించకూడదు.
నాలుగు టైర్లలో గాలి చూడాలి.
ముందు చక్రాలు అటూ ఇటూ మార్చి
ఆదివారం పొద్దున సూపర్‌మార్కెట్ వెనక
ఖాళీగా పడున్న చదును మీద
స్టీరింగ్ వదిలి చూడాలి.

వదిలాను.
ఇరవై ఆరేళ్ల ఫాల్కన్,
పాత చుట్టరికం గుర్తొచ్చినట్టు
ఎడమకే వెళ్లింది.

పూర్తిగా తిప్పితే పంపు మూలుగుతోంది.
ఆయిల్ డబ్బా మూత తీస్తే
అడుగున నిన్నటి డికాషన్.
అది వేరే జబ్బు, రాసుకున్నాను.
బెజవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడిపిన మా ధనకోటత్త
సుత్తి ఎక్కడుందో చూడకుండానే అందుకుంటూ అనేది:
"కూసేదాన్ని కాదే,
కదిలేదాన్ని పట్టుకో."

చక్రాలు నేల మీదే ఉండాలి దీనికి.
బండిని గోతి మీద నిలబెట్టి
కార్మెలాని సీట్లో కూచోబెట్టి
నేను కిందకి దిగాను.
"కొంచెం ఎడమ. కొంచెం కుడి.
అంతే, ఉయ్యాల ఊపినట్టు."
టై రాడ్ చివర కీలు మీద మూడు వేళ్లు వేసి
ఊపిరి బిగబట్టాను.
పైన డెబ్బై ఒక్కేళ్ల చేతులు
కింద నా వేళ్లు
మధ్యలో ఇనుము.
టిక్.
మళ్లీ, టిక్.
ఆవగింజంత ఖాళీ.
కంటికి ఆనదు, వేలికి తెలుస్తుంది.
పక్కనే లోయర్ ఆర్మ్ బుష్
రబ్బరు చీలి, నీళ్లందని మడిలా నెర్రెలిచ్చి.
లాగుతున్నది ఇది. తూలుతున్నది అది.
ఇద్దరు దొంగలు, ఒకే చక్రం.

స్ప్లిట్ పిన్ను లాగి, నట్టు వదులు చేసి
పక్కనుంచి రెండు దెబ్బలు.
నెత్తిన కొడితే మరలు పోతాయి,
పక్కన కొడితే పట్టు పోతుంది.
పాత ముక్కని తిప్పి తీస్తూ
పైకే లెక్కపెట్టాను:
పద్నాలుగు, పదిహేను, పదహారు,
పదహారున్నర.
బెంచీ దగ్గర రస్ పెంబర్టన్
సుద్దతో గోడ మీద వేశాడు.
ఐదేళ్లుగా వినీ వినీ
మా అంకెలొచ్చేశాయి అతనికి,
అరతో సహా.
కొత్తది కూడా అన్ని చుట్లే ఎక్కించి, బుష్ మార్చి,
అలైన్‌మెంట్ బల్ల మీద వెంట్రుకవాసి సరిచేసి
తాళాలిచ్చాను.

ఇరవై నిమిషాలకి తిరిగొచ్చింది.
"పాడు చేశావు.
ఇప్పుడు కుడికి పోతోంది."

పక్కన కూచున్నాను.
డీకిన్ అవెన్యూ, నడిమధ్య తాటి జాతి చెట్లు,
అద్దంలో ద్రాక్ష పెట్టెల లారీ.
స్టీరింగ్ చూడలేదు నేను,
ఆమె చేతుల్ని చూశాను.
ఎడమ చెయ్యి ఒళ్లో ఉంది.
కుడి చెయ్యి చక్రాన్ని కిందకి గుంజి పట్టుకునుంది,
అటువైపు భుజం
బరువు సంచీ మోస్తున్నట్టు వంగి.

"ఆ భుజం నొప్పి ఎన్నాళ్లుగా?"
"పదేళ్లు. వయసంది డాక్టరు."
"వదలండి."
"వదిలితే?"
"వదలండి, నేనున్నాగా."

ఒక్కో వేలే తీసింది.
మూడు చెట్లు దాటాం. నాలుగు. ఆరు.
కారు తనకేం పట్టనట్టు
తిన్నగా పోతోంది.
"ఇంత తేలికా," అంది కార్మెలా,
కోపంగా.

బిల్లులో బుష్ ఉంది, టై రాడ్ చివర ఉంది,
అలైన్‌మెంట్ ఉంది.
పదేళ్లు దేన్నో అడ్డుకున్న చెయ్యికి
వేరే వరస లేదు.

గురువారం పంపు మార్పించడానికొచ్చింది.
షెడ్డులోకి తిప్పుతుంటే
కుడివైపు అద్దం గుమ్మానికి రాసుకుంది, చిన్న గీత.
ఇద్దరం దిగి చూశాం.
అది మాత్రం
రాసుకోలేదు.