పద్నాలుగో ప్రశ్న

చిలోయే దీవిలో వాన ఆగడమంటే
ఇంకో వానకు జాగా ఇవ్వడమే.
ఆ సందులోనే కాస్త్రో ఆసుపత్రి మెట్లెక్కాను
చంకలో అరవై రెండు ప్రశ్నపత్రాలతో,
గొడుగు నాకు కాదు, వాటికి పట్టి.

నర్సులకు పసుపు కాగితాలు, డాక్టర్లకు తెల్లవి.
ఇరవయ్యేడు వాక్యాలు, ఒక్కోదాని పక్కన అయిదు గళ్లు.
ఒకటంటే ఎన్నడూ లేదు,
అయిదంటే ఎల్లప్పుడూ.
పేరు రాయక్కర్లేదన్నాను.
అయినా కొందరు అక్షరాలకు ముసుగేసి రాశారు.

"రోగి విషయంలో నిర్ణయాలు ఇద్దరం కలిసి తీసుకుంటాం."
ఇది పద్నాలుగోది.
డాక్టర్ రెనాతో బారియా నడుస్తూ నడుస్తూ
కాగితాన్ని గోడకానించి
అయిదు మీద టిక్కు పెట్టాడు.
అబద్ధమాడే మనిషి కాదు.
వార్డులోకి వస్తూనే
ముందు నేల తుడిచే ఆమెను పలకరిస్తాడు.

ఎదెల్మీరా నావెల్కీన్ మాత్రం
పసుపు కాగితాన్ని మందుల బండి మీద
నాలుగు రోజులు ఊరేగించింది.
అయిదో రోజు నా చేతికిచ్చింది.
ఇరవయ్యారు గళ్లు నిండాయి.
పద్నాలుగు ఖాళీ.
పక్కన పెన్సిల్‌తో సన్నగా: "ఏ ఫోన్ సంగతి?"

లెక్కల మనిషిని. ఖాళీ గడి కనిపిస్తే
మందలో ఒక గొర్రె తగ్గినట్టుంటుంది నాకు.
కొట్టేయాలి, లేదంటే సగటుతో పూడ్చాలి.
రెండింటికీ చెయ్యి రాక
క్యాంటీన్‌లో ఆమె ఎదురుగా కూర్చున్నాను.
బంగాళదుంప రొట్టె తుంచుతూ చెప్పింది.

జూన్ నెల. చలి ఎముకల్లో కాపురం పెట్టే రోజులు.
కిన్చావ్ నుంచి పడవలో తెచ్చారొక ముసలాయన్ని,
వలలల్లే చేతులు, నీరు పట్టిన కాళ్లు.
రాత్రి రెండున్నరకు ఫోన్ చేసింది:
"డాక్టర్, మూత్రం ఆగింది, నాడి నెమ్మదిస్తోంది.
పొద్దున మీరు రాసిన పొటాషియం
ఎక్కించడానికి నా చెయ్యి ఒప్పుకోవట్లేదు."
అటువైపు ఊపిరి తప్ప ఏమీ లేదు.
గోడ గడియారం చూసింది. పదకొండు సెకన్లు.
"రాసింది రాసినట్టు ఇవ్వండి."

ఇవ్వలేదు.
సీసాను వెలుగుకు పట్టుకుని
దాన్నే అడిగిందట ఏం చేయమంటావని.
ఇరవై నిమిషాలకు మళ్లీ చేసింది.
ఈసారి మూడు సెకన్లే.
నైట్ డ్రెస్ మీద కోటు, తడి బూట్లు,
మంచానికి అటు ఆయన, ఇటు ఈమె.
"మీకేం కనిపిస్తోంది?" అన్నాడు.
పన్నెండేళ్ల ఉద్యోగంలో
ఆ ప్రశ్న ఎవరైనా అడగడం అదే మొదలు.

"మొదటి ఫోన్‌కి ఒకటి, రెండోదానికి అయిదు వేయాలి.
కూడి రెండుతో భాగిస్తే నీకు మూడొస్తుంది," అంది.
"మూడులాంటి రాత్రి
మా ఇద్దరికీ ఎప్పుడూ రాలేదు."

ఆ గడిలో తొమ్మిది కొట్టాను.
మా పట్టికలో తొమ్మిదంటే జవాబు లేదని.

చివరి రోజు కారిడార్‌లో బారియా తానే ఆపాడు.
"నా కాగితం మీద అయిదు చూసి నవ్వుకున్నారేమో.
ఊరికే వేయలేదండీ.
మొన్న జూన్‌లో ఒక పెద్దాయన.
అర్ధరాత్రి ఎదెల్మీరా పిలిచింది.
ఒక్క ఫోన్. అంతే, పరుగెత్తాను."

ఒక్క ఫోన్.

నాలుక కరుచుకున్నాను.
ఆమె మాట ఆమెది, నా జేబులోది కాదు.
ఆయన మొహంలో వెతికాను, దాచిన జాడేమైనా ఉందా అని.
లేదు. నిద్రలో చెప్పిన మాట
నిద్రతోనే వెళ్లిపోయింది.

నేనేదో అనాలన్నట్టు ఆయన చూస్తూ నిలబడ్డాడు.
ఎంతసేపో తెలియదు.
గడియారం నా వీపు వెనక ఉంది.

బయట ఆటు.
నీళ్లు దిగిపోయి, కొయ్య కాళ్ల మీద ఇళ్లన్నీ
మోకాళ్ల దాకా బురద చూపిస్తూ నిలబడ్డాయి.
ప్రతి కాలికీ ఎక్కడి దాకా మునిగిందో
నత్తగుల్లలు గీసిన గీత.
వంగి ఒకదాన్ని వేలితో తడిమాను.
కోసుకుంది.