అయిదో పూస, ఎడమ

బొగుమీవా గారి మరమేకు
పొద్దున్నే ప్లాస్టిక్ సీసాలో వచ్చింది, రెండు ముక్కలుగా.
చీటీ మీద: నడుం, అయిదో పూస, ఎడమ.
వూచ్ నగరంలో ట్రామ్ నడిపేదట ఆవిడ.

టైటానియం. వేలెడు కూడా లేదు.
మా యంత్రం మీద దీని తోబుట్టువులు
యాభై లక్షల సార్లు వంగి లేచినా కిక్కురుమనలేదు.
యంత్రానికి దగ్గు రాదు కదా,
నాలుగో అంతస్తుకి బొగ్గు బకెట్టు మొయ్యదు.

సూక్ష్మదర్శిని కింద
విరిగిన ముఖమంతా సన్నటి అలల గీతలు,
ఏరు తీశాక ఇసకలో మిగిలినట్టు.
ఇది ఒక్కరోజు దెబ్బ కాదు.
మొదటి మర అడుగున వెంట్రుకంత పగులు.
"పర్లేదు, కాస్త నొప్పి" అని ఆవిడ అన్న వారాలన్నీ
అక్కణ్ణుంచే లోపలికి నడిచాయి.

దీనికి అప్పజెప్పింది చిన్న పనే:
ఎముక అతుక్కునేదాకా కాస్త పట్టుకో.
ఎముక అతుక్కోలేదు.
పద్నాలుగు నెలలు
కావడి దించుకోమని ఎవరూ అనలేదు.

రిపోర్టులో ఒక గడి ఉంటుంది.
తయారీ లోపమా? అవును, కాదు.
కాదు దగ్గర టిక్కు పెట్టాను.
ఇంకో గడి కోసం కాగితం తిప్పి చూశాను, ఖాళీ.

సాయంత్రం ట్రామ్ మలుపులో కీచుమంది.
డ్రైవరెవరో కొత్త కుర్రాడు,
సీట్లో ఒక పక్కకే ఒరిగి కూర్చున్నాడు.