చెంగల్రాయుడి పేరు

పలమనేరు దాటి, టమోటా లారీలు వెనకబడ్డాక,
గుండు కింద గూడులాంటి చోట
ఎర్రటి ఎద్దు నిలబడి ఉంది.
మూపురం బాగుంది. వెనక కాలొకటి
వానలు తాగేశాయి.

"ఒక గీత గీస్తే పోలా మేడం,
ఎర్రమన్ను నేను తెచ్చిస్తా" అంటాడు
వాచ్‌మన్ చెంగల్రాయుడు.
గియ్యకూడదు. లేని కాలు లేనట్టే ఉండాలి.
మిగిలిన మూడూ ఎటూ పోకుండా చూడటమే
నా పని.

దూదిపుల్ల, శుద్ధమైన నీళ్లు, ఉడుత తోకంత కుంచె.
పొద్దుటినుంచి ఉప్పు పొర గోరంత లేచింది.
మెడ మీద నీలం ఎనామిల్ అక్షరాలు:
చెం. రా. పక్కన బాణం గుర్తు,
సగం కొట్టేసిన ఇంకో పేరు.

చదవనట్టే చదివాను.
"పదో క్లాసు తప్పిన ఏడు" అన్నాడు, రాతికేసి చూస్తూ.
"గీకెయ్యండి."

గీకలేను. రంగు రంగును పట్టుకుంది.
నీ పేరు లాగితే
ఎద్దు మెడ ఊడొస్తుంది.

జేబులో బీడీకట్టను తడిమి
అలాగే వదిలేశాడు.

మధ్యాహ్నానికి మబ్బు.
గుండు నొసట మొన్న కట్టిన సున్నం గట్టు,
వేలెడు ఎత్తు. ఆగుతుందో లేదో.
ఇద్దరం గొంతుక్కూర్చున్నాం.
నీళ్లు గట్టు వెంట జారి, తడబడి,
ఎద్దుకు బారెడు దూరంలో
అతని క్యారియర్ మూత మీద టపటపా పడ్డాయి.

ఒక్క పాయ మాత్రం తప్పించుకుని
మెడవైపు దిగుతోంది.
చెంగల్రాయుడు బండెక్కి
బొమ్మకు చాలా పైన
అరచెయ్యి అడ్డం పెట్టాడు.

వెలిసిందాకా తియ్యలేదు.