నూట పన్నెండు

గోదావరిఖని, ఏరియా దవాఖాన.
పొద్దుగాల ఏడుంబావు.
నైట్ షిఫ్టు దిగి సక్కగ ఇటే అచ్చినోళ్ళు
కనురెప్పల బొగ్గు కడుక్కోకుండనే
పరిగడుపున వరుసల నిలబడేది.
నా పని సూది గుచ్చుడు, చీటీ అతికిచ్చుడు.
పేర్లు సదువుత. మొఖాలు సూడ.

మూడొద్దులకు రిపోర్టులు పంచుతున్న.
అందరికి రెండొందల మీదనే,
నూనె తగ్గియ్యి, కూర్సున్న కాడ కూర్సోకు అని
డాక్టరమ్మ గీసిన ఎర్రగీతలు.
ఈసంపల్లి ఓదెలు, టింబర్‌మన్:
నూట పన్నెండు.

"నీదే రాజ్యమురా, రోజు బోటికూర తిన్నా ఏంగాదు"
దోస్తు సమ్మన్న వీపు సరిశిండు.
ఓదెలు నవ్వవోయిండు.
నవ్వు పెదవుల దాక అచ్చి
తాడు తెగిన టబ్బు లెక్క ఎన్కకు జారింది.

ఎందుకో పాత రిజిస్టరు తీసిన.
పోయినేడు నూట తొంభై.
అంతకు ముందటేడు రెండొందల నాలుగు.
సన్నవడుతున్నది నెత్తురా, మనిషా?

ఎన్నడో ట్రెయినింగుల ఒక సారు అన్నడు,
కొవ్వు మరీ అడుగంటిన నెత్తురుకు
బతుకు మీది ఇసుగుకు ఏదో లంకె ఉన్నదని కొందరంటరు,
లేదని కొందరు, లెక్క ఇంక తేలలేదని.
పరీక్షల రాదని నేను రాసుకోలె.

డాక్టర్ను కాను. అంకె జోస్యమూ కాదు.
రెండొందల యాభై ఉన్నోళ్ళల్ల
రాత్రంత కండ్లు తెర్సుకొని పండేటోళ్ళు లేరా?
అయినా, సంతకానికి పెన్ను ఇచ్చుకుంట అడిగిన:
"అన్నా, నిద్ర పడ్తాందా?"

ఆఖరి అచ్చరం కాడ పెన్ను ఆగింది.
"రోజు మస్టరు పడ్తాంది చెల్లె.
నేనే పడ్తలేను."

జరసేపటికి మల్ల, బల్లను సూసుకుంటనే:
"కప్పు కింద కట్టెలు నిలవెట్టుడు నా పని.
ఇరవై రెండేండ్లు.
కప్పు కూలే ముందు కట్టె కిరకిరమంటది,
ఇని ఉరుకుతం.
నాది ఎవలకు ఇనపడ్తలేదు."

ఎన్క వరుస లొల్లి పెట్టింది,
"ఏందమ్మా గింత సేపు, బస్సు పోతది!"
మిషన్ల నలభై ట్యూబులు గిర్రున తిరుగుతున్నయి,
ఎరుపు కిందికి, పచ్చటి తేట మీదికి.
మనిషి గట్ల యేరువడడు గదా.

గ్లవ్స్ ఇడిశిన.
"రా అన్నా" అని మానసిక డాక్టరు కూసునే
పదకొండో గది దాక ఎంబడి నడిశిన.
తలుపు మీద చెయ్యేసి ఓదెలు అన్నడు:
"సమ్మన్నకు చెప్పకు."
లోపలికి పొయ్యి, మల్ల తల బైటికి పెట్టి:
"లేదు... చెప్పు."

రిపోర్టు నా చేతులనే ఉండిపోయింది.
నూట పన్నెండు పక్కన 'నార్మల్' అని అచ్చు.
ఆయన చెప్పిన దానికి అండ్ల గడి లేదు.

సమ్మన్న క్యాంటీన్ల ఉన్నడు.
ఇంటా ఇంటా
చాయ్ గ్లాసు కింద పెట్టిండు.