అపస్వరం

వాళ్ల వ్యాన్ తోలింది నేనే.
ఆకుపచ్చ ఫోర్డు, వెనక తలుపు తాడుతో కట్టేవాళ్లం.
లోపల చేపల వాసన ఎంత కడిగినా పోలేదు,
హల్ రేవులో మా నాన్న దాంట్లోనే కాడ్ పెట్టెలు మోసేవాడు.
ఆ కంపులోంచే పేరు పుట్టింది: ఐరన్ హెర్రింగ్.

నలుగురు.
పాడే గారెత్ ఇరవైతొమ్మిదో ఏట పోయాడు.
అతనికి గోడమీద బొమ్మ ఉంది, ఏటా పువ్వులున్నాయి,
అతను పుట్టని ఇంటికి కూడా నీలం ఫలకం ఉంది.
గిటార్ జోస్లిన్‌కి చెరువుంది, చెరువులో హంసలున్నాయి,
పాటలన్నిటి కిందా ఒక్కడి సంతకమే ఉంది.
డ్రమ్ముల టెడ్డీ దేవుణ్ణి పట్టుకున్నాడు, కొన్నాళ్లకి వదిలేశాడు,
స్పెయిన్‌లో పడవలకి రంగులేస్తున్నాడని విన్నాను.

నాలుగోవాడు ఎల్విన్ సీగ్రేవ్.
ఫోటోల్లో అంచున ఉంటాడు. సగం భుజం, ఒక చెవి.
బేస్ అంటే ఏమిట్రా అని మా అమ్మ అడిగితే
"వినపడదు, తీసేస్తే తెలుస్తుంది" అన్నాడు.

డెబ్బైలో, ఫిబ్రవరిలో,
మెథడిస్టు చర్చి వెనక హాలు.
హీటరు షిల్లింగు మింగితేనే వెలిగేది.
షిల్లింగులు అయిపోయాయి.
అందరూ జేబులు తిరగేసి చూపించారు,
నేనూ చూపించాను. ఒక జేబు.

ఎల్విన్ వేళ్లు కొయ్యబారాయి.
ఏడు నొక్కుల వరస, మూడోది జారింది.
అర మెట్టు కిందకి, అంతే,
నిద్రలో మంచం అంచు దాటిన చెయ్యిలా.
మళ్లీ తీద్దాం అన్నాడు.
టేపు లేదు, డబ్బు లేదు.
"బేసు ఎవడు వింటాడు" అన్నాడు జోస్లిన్.

అందరూ విన్నారు.
ఒసాకాలో, లిమాలో, పేరు పలకలేని ఊళ్లలో
పిల్లలు సూది వెనక్కి జరిపి జరిపి
ఆ జారుడునే వేళ్లకి నేర్పుకున్నారు.
గోల్ పడితే మైదానంలో నలభై వేల గొంతులు
ఆ అపస్వరాన్ని శ్రుతి తప్పకుండా పాడతాయి.

ఎల్విన్ మాత్రం యాభై ఏళ్లు దాన్ని
పంటి సందులో ముల్లులా నాలుకతో తడుముతూనే ఉన్నాడు.
బస్సు డిపోలో టికెట్లు లెక్కపెట్టాడు.
బడుల్లో పియానోలు శ్రుతి చేశాడు.
ఎడమ చెవి పోయింది,
కుడి చెవిలో రోజంతా ఒక కెటిల్ మరుగుతుంది.
పియానో చెక్కకి దవడ ఆనించి వింటాడు.
శనివారం పబ్బులో అదే వరస, సరిదిద్దినది, వాయిస్తే
ఎవరూ తల ఎత్తరు.

మొన్న మంగళవారం తీగలు కొనాలంటే తీసుకెళ్లాను.
కౌంటరు వెనక పదహారేళ్ల పోలండు పిల్ల,
బ్యాడ్జీ మీద కింగా అని పేరు.
గోడమీది బేసు ఒకటి దించి
ఎల్విన్ ఆ ఏడూ వాయించాడు, శుభ్రంగా.
"బాగుంది తాతా," అంది, "మూడోది తప్పు."

నాకు నవ్వాగలేదు. అతను నవ్వలేదు.
ఆమె బేసు తీసుకుని నెమ్మదిగా చూపించింది.
"ఇక్కడ కొంచెం కిందకి జారాలి.
చలేసినట్టు."

చలేసినట్టు అంది. ఆ పిల్లకి ఎవరు చెప్పారు?
"ఎవరూ చెప్పలేదు. పాటే అలా ఉంది కదా."

ఎల్విన్ బేసు మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు.
డెబ్బై ఎనిమిదేళ్ల వేలు
తన తప్పటడుగు దగ్గరికే తిరిగొచ్చి
ఒకసారి తడబడి, రెండోసారి నిలబడింది.
"అదీ!" అంది కింగా.
తీగలకి ఇరవై రెండు పౌండ్లు తీసుకుంది, తగ్గించలేదు.

తిరిగొస్తూ కారులో హీటరు పెట్టబోతే
"ఉండనీ" అన్నాడు,
కిటికీ దించి చెయ్యి బయటపెట్టాడు హంబర్ గాలిలోకి.

ఆ రెండో జేబులో ఒక షిల్లింగు ఉండేది.
చిప్స్ కోసం దాచుకున్నాను.
ఆ రాత్రి వెనిగర్ ఎక్కువ పోయించుకుని
వ్యాన్లో ఒక్కణ్ణే కూర్చుని తిన్నాను,
వేడివేడిగా.
ఇంతవరకూ అతనికి చెప్పలేదు.
ఏ రికార్డు అట్టమీదా నా పేరు లేదు,
లేకపోవడమే మంచిది.